డ్రిల్ మాస్టారి ఫ్లెక్సీ

గోల్‌కీపరు ఫోనెత్తడం మానేస్తే ఏ టీమైనా ఇంకొకణ్ణి చూసుకుంటుంది. మాకు ఇంకొకడు లేడు. అందుకే నేనే బయలుదేరాను. మాది హైదరాబాదులో చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు. గే, లెస్బియన్ క్లబ్బులన్నీ దేశదేశాల నుంచి వచ్చి ఆడుకునే అమెచ్యూర్ టోర్నమెంటు ఒకటుంది, ఈసారి యూరప్‌లో. ఆడా మగా కలిసి ఆడే విభాగంలో మాకు చోటు దొరికింది, వీసాలూ వచ్చాయి. తీరా ప్రయాణం దగ్గరపడ్డాక, చెప్పి వస్తానని సొంతూరు వెళ్లిన మా గోల్‌కీపరు శేషు తిరిగి రాలేదు. పేర్లు మార్చాను. మిగతాదంతా శేషు చదివి, ఉండనీ అన్నాడు.

వాళ్ల నాన్నగారు భట్టిప్రోలులో రిటైరైన డ్రిల్ మాస్టారు. కొడుక్కి బంతి పట్టడం నేర్పింది ఆయనే. అలాంటిది కొడుకు అంతర్జాతీయ పోటీలకు వెళ్తున్నాడంటే ఆగుతారా? ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. మధ్యలో శేషు ఫోటో, పక్కన టోర్నమెంటు బొమ్మ, ఇంద్రధనుస్సు రంగులతో సహా. రంగులు బాగున్నాయని దాన్ని ఇంకాస్త పెద్దది కూడా చేయించారట. సాయంత్రానికల్లా ఎవరో ఆ టోర్నమెంటు పేరు ఫోన్లో వెతికారు, ఆ తర్వాత ఊరంతా వెతికింది. మర్నాడు సెంటర్లో ఫ్లెక్సీ లేదు, ఊళ్లో శేషూ లేడు. బాపట్లలో మేనమామ ఎరువుల కొట్లో కూర్చోబెట్టారని వాడి ఊరి స్నేహితుడొకడు చెప్పాడు.

పొద్దున్నే తెనాలిలో దిగేసరికి ముసురు పట్టి ఉంది. స్టేషను బయట నలభై రూపాయలకు ఇడ్లీ తిన్నాను. కారప్పొడి బాగుందిగానీ నాకే రుచి తెలియలేదు. పెద్దవాళ్ల ఇంటికి ఖాళీ చేతులతో ఎలా వెళ్తామని, కొట్టు తెరిచేదాకా ఆగి అరకిలో బెల్లం జిలేబీ కట్టించుకున్నాను. ఆ పొట్లమే తర్వాత నా కొంప ముంచింది.

బాపట్లకు రైల్లో గంట కూడా పట్టదు. మేనమామ కొట్టు దగ్గర మాట్లాడనన్నాడు శేషు, ఆటోలో సూర్యలంక వెళ్లాం. ఆటో అతను రానూపోనూ మూడు వందలు తీసుకున్నాడు. చిన్నప్పుడు ఆ ఇసుకలోనే వాళ్ల నాన్న వాడికి డైవు కొట్టడం నేర్పించారట. వాన వల్ల తీరంలో ఎవరూ లేరు. ఫ్లెక్సీ కట్టించింది నువ్వా, నువ్వెందుకు దాక్కోవాలి అని గట్టిగానే తగులుకున్నాను. వాడు నిదానంగా విన్నాడు.

“నాన్న గడప దాటట్లేదక్కా. పాలకేంద్రంలో పాలు పోయడానికి కూడా అమ్మే వెళ్తోంది. ఆయన్ని అట్టా వదిలేసి నేను విమానం ఎక్కనా?” అన్నాడు. “ఆయన వెళ్లమంటే వస్తా. కానీ ఏదో ఒకటి చెప్పి ఒప్పించొద్దు. ఇప్పటిదాకా చెప్పిన అబద్ధాలు చాలు.”

సరే, నేనే అడుగుతానని కర్లపాలెం మీదుగా వెళ్లే రేపల్లె పల్లెవెలుగు ఎక్కాను. ఆంధ్ర ఆడవాళ్లకు అందులో టికెట్ లేదు. నా ఆధార్ హైదరాబాదుది కాబట్టి కండక్టరు డెబ్బై రూపాయలు కొట్టాడు. రేపల్లెలో దిగి భట్టిప్రోలుకు షేరాటో పట్టుకున్నాను, మనిషికి ముప్పై. డ్రిల్ మాస్టారిల్లు ఎక్కడని అడిగితే డ్రైవరు కాసేపు ఆలోచించాడు.

“ఫ్లెక్సీ మాస్టారిల్లాండి? ఇప్పుడు అట్టా అంటేనే తెలుస్తుందండి” అన్నాడు.

ఎగతాళిగా కూడా అనలేదు, కొండగుర్తు చెప్పినట్టు చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు ఊరి పిల్లల్ని పరిగెత్తించిన మనిషికి నాలుగు రోజుల్లో పేరు మార్చేశారు.

మాస్టారు పెరట్లో గేదెకు గడ్డి వేస్తున్నారు. శేషు స్నేహితురాలినండి, హైదరాబాదు నుంచి వచ్చాను అన్నానో లేదో, ఆయన మొహం విప్పారింది. మంచం వాల్చారు, టీ పెట్టమని లోపలికి కేకేశారు. పొట్లం విప్పి ఒక జిలేబీ చేతిలోకి తీసుకుని, నా వంక, జిలేబీ వంక మార్చి మార్చి చూశారు. అప్పటికిగానీ నాకు వెలగలేదు. వయసులో ఉన్న ఆడపిల్ల మిఠాయి పట్టుకుని కొడుకు కోసం వస్తే ఏ తండ్రైనా ఏమనుకుంటాడు?

“మీరిద్దరూ ఏమన్నా అనుకున్నారా తల్లీ?” అన్నారు. “అనుకుంటే చెప్పు. కులం గిలం నేనడగను. వాణ్ణి రేపే పంపిస్తా, ఆడి రండి. ఊళ్లోవాళ్లకి నేను చెప్పుకుంటాగా.”

అవును అంటే చాలు. శేషు విమానం ఎక్కుతాడు, మాస్టారు గడప దాటుతారు. మాట నోటిదాకా వచ్చింది. శేషు చెప్పింది గుర్తొచ్చి మింగేశాను.

“లేదండి మాస్టారూ. నేనూ శేషులాంటిదాన్నే. మా టీములో అందరం అంతేనండి.”

ఆయన జిలేబీని మళ్లీ పొట్లంలో పెట్టేశారు. ఇంతలో వాన పెద్దదైతే ఇద్దరం గేదెల పాకలోకి నడిచాం. బయటి నుంచి చూస్తే పాక మీద తెల్లటి పట్టా కప్పినట్టుంది. లోపలికెళ్లి తలెత్తితే శేషు! గ్లవ్స్ వేసుకుని నవ్వుతున్నాడు. పక్కన ఆ రంగులు, కింద ‘మన ఊరి ముద్దుబిడ్డ’ అని అక్షరాలు. సరిగ్గా దాని కిందే మాస్టారి నులక మంచం.

“చింపబుద్ధి కాలేదమ్మా. వానకి పనికొస్తుందిలే అని ఇంట్లో చెప్పా” అన్నారు.

మరి పంపిస్తారా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. తన నోటితో వెళ్లమనలేనన్నారు. మళ్లీ ఆయనే, వాడు లేకపోతే గోల్లో నిలబడేదెవరని అడిగారు. నేనేనన్నాను. నా చేతుల వంక చూశారు.

“మోకాళ్లు వంచి నిలబడు తల్లీ. బంతినే చూడు. ఎదుటివాడి మొహం చూస్తే మోసపోతావు.”

స్టేషనుకొచ్చి శేషుకి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఫ్లెక్సీ తగలబెట్టేశారనే అనుకున్నాడట. పాక సంగతి రెండోసారి చెప్పించుకున్నాడు. చివరికి “రాలేనక్కా” అని పెట్టేశాడు.

ప్రేమ లేని ఇల్లయితే నాలుగు తిట్టుకుని వచ్చేసేదాన్ని. ఆ ఇంట్లో ప్రేమకేం తక్కువ లేదు, నలుగురిలోకి రావడానికే దానికి మొహం చెల్లడం లేదు. మేం వెళ్తాం. నేను గోల్లో నిలబడితే ఎన్ని తింటామో దేవుడికే తెలియాలి.

ఆ వైపు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. భట్టిప్రోలులో పాత బౌద్ధ స్తూపం ఉంది, చూడదగ్గదే. దారి అడిగితే ఆటోవాళ్లు ఫ్లెక్సీ మాస్టారిల్లు దాటాక అని గుర్తు చెబుతారు. డ్రిల్ మాస్టారిల్లేగా, అని అడగండి.