నీసు ముట్టని కుక్క

కుక్కకున్నంత విశ్వాసం ఇంకే జంతువుకీ ఉండదని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నా చిన్నప్పుడు చీపురుపల్లిలో ఒక కుక్క పండగ పూట నా పరువు తీసింది. ఇన్నేళ్ళయినా దానిమీద నా కోపం పోలేదు.

మాది వర్తకుల ఇల్లు. వీధివైపు కిరాణా కొట్టు, వెనక మేము. చేపా మాంసం మాట అటుంచి, పండగ రోజు ఉల్లిపాయ కూడా వంటింటి గడప తొక్కదు. అలాంటి ఇంటికి నేనొక గోధుమరంగు కుక్కపిల్లని ఎత్తుకొచ్చాను. మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, ఒకటే మాట అంది.

"ఉంటే ఉండనీ. నీసు ముట్టిందో, ఆ రోజే బయటికి పోతాది. దిగబెట్టొచ్చేది నువ్వే."

సరేనన్నాను. పప్పన్నం, పెరుగన్నం పెట్టి పెంచాను. పండగొస్తే నా విస్తట్లో బూరెలు సగం దానికే. రెండేళ్ళకి మామ్మే మెత్తబడింది. "మా కుక్క నీసు వాసనొస్తే ఆమడ దూరం పోతాది" అని కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పేది.

ఆ ఏడు వినాయక చవితికి విజయనగరం నుంచి మా మేనత్త, ఆవిడ అత్తగారు వచ్చారు. యుద్ధం రోజులు, కొట్టున్న మాకే బెల్లం కరువు. మామ్మ తెల్లవారకుండా మడి కట్టుకుని ఉండ్రాళ్ళు, పులిహోర, పరమాన్నం వండింది. పూజ అయ్యేదాకా ఎవరికీ పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. నైవేద్యం గిన్నెలు దేవుడి ముందు పెట్టి, అక్షతలు పట్టుకుని అందరం కథ వింటున్నాం. కుక్క పెరటి గుమ్మంలోంచి తిన్నగా నడిచొచ్చింది. నోట్లో జానెడు ఎండుచేప. దాన్ని పరమాన్నం గిన్నె పక్కన జాగ్రత్తగా పెట్టి, తన వంతు తానూ తెచ్చినట్టు నావైపు చూసి తోక ఊపింది.

మేనత్తగారి అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేనా వదినా, ఆమడ దూరం పోయే కుక్క?"

మామ్మ మొహం మాడిపోయింది. వండినదంతా గోతిలో పోయించింది. మళ్ళీ తలస్నానాలు, మళ్ళీ పొయ్యి. ఆకలితో నకనకలాడి, పొద్దు వాలాక వట్టి పప్పూ అన్నం తిన్నాం. బెల్లం లేదు గనక పరమాన్నం లేదు. రెండేళ్ళు నా బూరెలు తిని నాకిలా చేస్తుందా అని రగిలిపోయాను.

మామ్మ నాకు మాట గుర్తు చేసింది. దాని మెడకి తాడు కట్టి బయల్దేరాను. ఎక్కడ దిగబెట్టాలో ఆలోచించే పని లేకుండా అదే నన్ను లాక్కుపోయింది, స్టేషను వెనక ఎండుచేపలమ్మే ఆవిడ పాకకి. ఆవిడ మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఇది మీ కుక్కేటమ్మా? రోజూ మాపటేల ఇక్కడికే వస్తాది. సేప లేందే ముద్ద ముట్టదు. ఎవులికీ సెందనిదనుకున్నాను."

"మా ఇంట్లో పప్పన్నం తింటుంది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "తింతాది గావాల" అంది.

తాడు విప్పి నాలుగడుగులు వేశాక మనసాగలేదు. మామ్మ కాళ్ళు పట్టుకునైనా ఉంచుకుందామని వెనక్కి తిరిగి, నేను పెట్టిన పేరుతో పిలిచాను. మళ్ళీ పిలిచాను. అది చెవి కదపలేదు. ఇంతలో పాకలోంచి ఆవిడ దాన్ని ఇంకేదో పేరుతో పిలిచింది. నేనెప్పుడూ వినని పేరు. ఒక్క ఉదుటున లోపలికి పరుగెత్తింది. నేను పిలిస్తే అది ఏనాడూ అలా రాలేదు.