వెనక్కి పరిగెత్తే ఆటగాడు

2008 మార్చి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి ఎదురుగా నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది రైల్వే వాళ్లే. మోకాలు పట్టుకుని చూస్తే ఎక్కడ దెబ్బ తిందో, ఎన్ని వారాల్లో బాగవుతుందో చెప్పగలనన్న పేరు నాకుండేది. ఆ పేరు మీద నాకూ నమ్మకం ఉండేది. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యారు. రోజూ క్లినిక్ వరండాలో కూర్చుని, వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పేవారు.

ఒక సాయంత్రం ఆరడుగుల చైనా కుర్రాడొకడు ఎడమకాలు కాస్త ఈడుస్తూ లోపలికి వచ్చాడు. పేరు చెన్. వయసు ఇరవై ఐదు. సీపత్ రోడ్డులో కడుతున్న ఒక పవర్ ప్లాంట్‌లో పైపులు బిగించే పని చూసుకుంటున్నాడు. సైట్‌లో నేర్చుకున్న హిందీతోనే తన కథంతా చెప్పాడు.

పదకొండో ఏట అతన్ని స్పోర్ట్స్ స్కూల్లో వేశారు. పదిహేడో ఏట తన రాష్ట్రంలోని ఒక రెండో డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్బు తీసుకుంది. ఆరేళ్లు అక్కడ స్టాపర్‌గా, అంటే గోల్‌కు ముందు మధ్యలో నిలబడే డిఫెండర్‌గా ఆడాడు. ఒక వాన మ్యాచ్‌లో కాలు జారి ఎడమ మోకాలిలోని ఏసీఎల్ తెగింది. తొడ ఎముకనూ కాలి ఎముకనూ లోపలి నుంచి పట్టి ఉంచే తాడు లాంటి లిగమెంట్ అది. ఆపరేషన్ చేసి కొత్త తాడు వేశారు. ఈలోగా క్లబ్బు ఒప్పందం ముగిసింది, మళ్లీ రాయలేదు. మేనమామ తన వెంట ఇండియాకు పనికి తెచ్చుకున్నాడు.

"ఇప్పుడు క్లబ్బుకి కొత్త కోచ్ వచ్చాడు దీదీ. సెప్టెంబర్లో వచ్చి ఆడి చూపించమన్నాడు. చూపించగలనా?"

లిగమెంట్ బిగువు పరీక్షించాను. గట్టిగా ఉంది. తొడ ముందుభాగంలోని క్వాడ్రిసెప్స్ కండరం మాత్రం బాగా తగ్గిపోయింది. మోకాలిని మోసేది అదే.

"చూపించగలవు. నేను చెప్పినట్టు చెయ్యి" అన్నాను.

చేశాడు. అంత బుద్ధిగా కసరత్తు చేసిన పేషెంటును నేను అంతకుముందు చూడలేదు. పొద్దున్న డ్యూటీకి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి. గుంజీలు, మెట్లు ఎక్కడం, ఒంటికాలి మీద నిలబడటం, తర్వాత పరుగు. ఎనిమిది వారాల్లో రెండు తొడలూ ఇంచుమించు ఒకే కొలతకు వచ్చాయి. ఇక ఆడవచ్చని చెప్పాను.

ఆ ఆదివారం పొద్దున్నే రైల్వే గ్రౌండ్‌లో కాలనీ కుర్రాళ్లతో దిగాడు. నేనూ నాన్నా గట్టు మీద కూర్చున్నాం. అరగంట బాగానే ఆడాడు. అప్పుడు ఎవరో కొట్టిన బంతి అతని తల మీదుగా వెనక్కి వెళ్లింది. చెన్ చటుక్కున తిరిగాడు. ఒళ్లు తిరిగింది గానీ ఎడమ మోకాలు తిరగలేదు. కూలబడిపోయాడు.

పరిగెత్తుకెళ్లి పరీక్షించాను. అదృష్టవశాత్తూ లిగమెంట్ తెగలేదు, మోకాలు కొద్దిగా వాచిందంతే. కానీ చెన్ మొహంలో రక్తం లేదు.

"అయిపోయింది దీదీ. పైపులే నాకు గతి."

కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. మరి ఎక్కడ తప్పాను?

నాన్న నా పక్కకు వచ్చి నెమ్మదిగా అన్నారు. "ఏటమ్మా, నీ కసరత్తులన్నీ ముందుకే గదా. ఆడు బేక్ ఆడీవోడు. బంతికేసి సూస్తా ఎనక్కి ఎల్లాల. ఎనక్కి ఎల్తానే తిరగాల. షెడ్ టీములో పదేళ్లు ఆడినాను, నాకు తెల్దా?"

"మరి ఇన్నాళ్లూ సెప్పలేదేటి నాన్నా?"

"నువ్వడిగితే గదా."

పది రోజులు విశ్రాంతి ఇచ్చాను. వాపు తగ్గాక చెన్‌ను క్లినిక్ వెనక పెరట్లోకి తీసుకెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. "డిఫెండర్ ఏం చేస్తాడో నాకు తెలియదు. నెమ్మదిగా చేసి చూపించు" అన్నాను.

అతను ఒళ్లు పక్కకు తిప్పి, కళ్లు నా చేతిలోని బంతి మీద నిలిపి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. అడుగు వెనక అడుగు, నేలకేసి చూడకుండా.

"స్కూల్లో కోచ్ నన్ను డిఫెండర్‌ని చేసింది ఇందుకే. కిందికి చూడకుండా వెనక్కి పరిగెత్తగలిగింది నేనొక్కణ్ణే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు, నా దగ్గరికి వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వాడు.

ఆ రోజు నుంచి కసరత్తులు మార్చేశాను. సున్నంతో గీతలు గీసి వెనక్కి నడక, వెనక్కి పరుగు, ఆ పరుగులోనే ఎడమకు తిరగడం, కుడికి తిరగడం. కుడివైపు తిరిగేటప్పుడు ఎడమకాలి మీద బరువు వేయడానికి జంకేవాడు. బలం ఉంది, నమ్మకం లేదు. నాన్న తలమీదుగా బంతులు విసురుతూ "డర్ మత్ బేటా, ఘూమ్ జా", భయపడకు, తిరుగు అని అరిచేవారు. రోజుకు వందసార్లు తిరిగేవాడు.

జూలైలో మళ్లీ గ్రౌండ్‌కు వెళ్లాం. ముందురోజు వాన పడి నేలంతా బురద. వద్దందామనుకున్నాను. చెన్ అప్పటికే బూట్లు కట్టుకుంటున్నాడు. ఆట మధ్యలో అలాంటి బంతే వచ్చింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, ఎడమకాలి మీద తిరిగి, ఎదుటి జట్టు ఫార్వర్డ్ కంటే ముందే బంతిని అందుకుని బయటికి తన్నేశాడు. కాలనీ కుర్రాళ్లకు అదేం పెద్ద విషయం కాదు. మా నాన్న మాత్రం గట్టు మీద లేచి నిలబడ్డారు.

ఆగస్టు చివర చెన్ వెళ్లిపోయాడు. కోచ్ అతన్ని తీసుకున్నాడు. రెండు సీజన్లు స్టాపర్‌గా ఆడి, తన పాత స్పోర్ట్స్ స్కూల్లోనే డిఫెండర్లకు శిక్షణ ఇచ్చే పనిలో చేరాడని తర్వాత వచ్చిన ఉత్తరంలో ఉంది. ఆట తనంతట తాను మానుకున్నాడు. మోకాలి వల్ల కాదు. నాకు అది చాలు.

ఇప్పటికీ మోకాలు పట్టుకుని చూసి ఎన్ని వారాలో చెప్పగలను. కానీ ఆ లెక్క చెప్పేముందు పేషెంటును మంచం మీద నుంచి లేపి, అతను చేసే పనేమిటో నా కళ్ల ముందు చేసి చూపించమంటాను. బట్టలుతికే మనిషైనా, బ్యాంకు మేనేజరైనా సరే. నొప్పి ఎక్కడని ఆ తర్వాతే అడుగుతాను.