చల్లటి బానెట్ మీద చెయ్యి

మా కారు మేస్త్రీ పోయాడు. మంగళవారం పొద్దున, నరసరావుపేటలో తన షెడ్డులోనే, గుండె ఆగిపోయిందట. ఈ వయసులో చావు కబుర్లు పాలవాడికంటే ముందే వస్తున్నాయి. విని విని ఏడవటానికి కూడా ఓపిక ఉండటం లేదు. ఇతని గురించి మాత్రం నాలుగు ముక్కలు రాయాలి. నా మిరపచేను ఇవాళ్టికీ నాదేనంటే అది అతని వల్లే.

నాలుగేళ్ళ కిందట పత్తి బాగా పండింది. పత్తి పండిన ఏడు పల్నాట్లో మగవాళ్ళకు బుర్ర నిలవదు. మా ఊళ్ళో ఒకరి వెనక ఒకరు ఫైనాన్సు మీద కొత్త కార్లు తెచ్చారు. మా అబ్బాయికి అప్పట్లో సర్పంచి పదవి మీద కన్ను.

"కొత్త కారు లేనోడికి ఓట్లెవరేస్తారమ్మా?" అన్నాడు.

"ఓట్లేసేది నీకా, కారుకా?" అన్నాను.

ఫైనాన్సు వాళ్ళు హామీగా మిరపచేను కాగితాలు అడిగారు. చేను నా పేరున ఉంది. నెల రోజులు వాడు అన్నం దగ్గర అలుగుతూ ఉంటే విసిగిపోయి, సంతకం పెట్టేస్తానన్నాను.

ట్రాక్టరు బాగుచేయటానికి వచ్చిన మేస్త్రీ ఈ మాట విన్నాడు. టీ సాసర్లో పోసుకుని, నిదానంగా ఊదుకుంటూ తాగాడు. అతని పద్ధతి అంతే.

"సంతకం వచ్చే వారం పెడుదురుగానీ అక్కా. గురజాలలో ఒక డాక్టరుగారు పాత అంబాసిడర్ అమ్ముతన్నారంట. చూసొద్దాం."

మా అబ్బాయి మొహం మాడిపోయింది. "ఇంకొకడు వాడి వదిలేసింది నాకేంది మామా?"

"ఒరేయ్ అబ్బాయ్, ఎంత కొత్తదైనా షాపు గేటు దాటంగనే పాతదయిద్ది. ఆ గేటు దాటించే ఖర్చేదో ఇంకొకణ్ణి పెట్టుకోనీరా."

మర్యాద తెలిసినదాన్ని కదా, ఫలానా రోజు వస్తున్నామని డాక్టరుగారికి కార్డు రాశాను. మొదటి బస్సుకు వెళ్ళాం. మేస్త్రీ తిన్నగా కారు దగ్గరకు పోయి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"పదండక్కా, పోదాం. వేడిగా ఉంది. ముందే స్టార్టు చేసి పెట్టారు. చల్లటి ఇంజన్ని లేపితేనే దాని రోగం తెలిసేది. మనం వస్తన్నట్టు వీళ్ళకెట్టా తెలిసింది?"

కార్డు సంగతి చెప్పాను.

"చదువుకున్నోళ్ళతో చానా కష్టమక్కా," అన్నాడు. నా చదువుకు అంతకంటే సరైన సర్టిఫికెట్ ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత ఎవరికీ చెప్పకుండా మాచర్ల వెళ్ళాం. అక్కడి కారు బానెట్ చల్లగా ఉంది. స్టార్టు చేస్తే ముసలివాడిలా దగ్గింది, ఇంత పొగ వదిలింది. మేస్త్రీ నవ్వాడు.

"దగ్గుద్ది గానీ అబద్ధం ఆడదు. తీసుకోండి."

పత్తి డబ్బుతోనే సరిపోయింది. కాగితాలు పెట్టెలోంచి కదల్లేదు.

ఏడాది పాటు మా అబ్బాయి దాన్ని వీధి చివరే ఆపి ఇంటికి నడిచి వచ్చాడు. ఎన్నికల్లో ఓడిపోయి ఆ నేరం కూడా కారు మీదే వేశాడు. మేస్త్రీ ఆ కారు మీద సంపాదించుకున్నదీ లేదు. ఏదైనా మార్చమంటే, "ఇంకో ఏడు నడుస్తది, ఉండనీండి" అనేవాడు. మార్చక తప్పకపోతే, తీసేసిన ముక్కను పాత పేపర్లో చుట్టి, చూసుకోమని నా చేతికిచ్చేవాడు.

ఆ తర్వాత రెండేళ్ళు వరసగా పత్తిని పురుగు తినేసింది. ఫైనాన్సు వాళ్ళు వచ్చి ఊళ్ళో కొత్త కార్లు ఒక్కొక్కటే పట్టుకుపోయారు. రెండిళ్ళవాళ్ళకు పొలాలూ పోయాయి. ఆ వారమే మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. 'నేను చెప్పలేదా' అనే హక్కు అతనికే ఉంది. అనలేదు.

"మిరప ఎట్టా ఉందక్కా?" అని మాత్రం అడిగాడు.

మా అబ్బాయి లోపలికి వెళ్ళి, టీ తనే పట్టుకొచ్చాడు.

మంగళవారం సాయంత్రం అతన్ని మసీదుకు మోసుకెళ్ళే జనాజా లేచేవేళకు నేను మేస్త్రీ భార్య పక్కన కూర్చుని ఉన్నాను. కిటికీలోంచి వీధి కనపడుతోంది. ఈపూరు, గురజాల, మాచర్ల నుంచి వచ్చిన, అతను చూసి కొనిపించిన పాత కార్లు రెండు వైపులా నిలబడి ఉన్నాయి, రంగు వెలిసినవీ సొట్టలు పడినవీ. వాటిలో ఒక్కటైనా ఇంకొకడు వచ్చి పట్టుకుపోగలిగింది కాదు. సొంతదార్లందరూ, మా అబ్బాయితో సహా, వాటిని అక్కడే వదిలి అతని వెనక నడిచి వెళ్ళారు. పొద్దు వాలేలోపు తిరిగొచ్చి ఎవరి బండి వాళ్ళు తీసుకుపోయారు. ఖాళీ వీధిలో, దుమ్ము మీద, నల్లటి నూనె చుక్కలు రెండు వరసలుగా మిగిలాయి.