రిఫరీని మాత్రమే తిట్టే మనిషి

ఫోన్ వచ్చేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. బుధవారం, పొద్దున పదిన్నర. "మీ అంకుల్ ఇప్పుడే పోయారు. చాలా ప్రశాంతంగా వెళ్ళిపోయారు" అంది వార్డులో నర్సు. మంచి మనిషే. రెండు నెలలకి పైగా ఆయన్ని చూసుకుంది. అయినా ఆ ప్రశాంతంగా అన్న మాట దగ్గరే నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు పూర్తిగా మూసుకుపోయిన మనిషి ఇంకెలా వెళ్తాడు?

ఆయన మా నాన్నకి ఆఖరి తమ్ముడు. నాకు బాబాయి. చదువుకోవడానికి ఈ చలిదేశపు రేవుపట్నం హాలిఫాక్స్‌కి వచ్చినప్పుడు ఆయన అపార్ట్‌మెంట్లో ఒక గదిలో దిగాను. ఉద్యోగం వచ్చాక కూడా అక్కడే ఉండిపోయాను. మొత్తం ఏడేళ్ళు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఇక్కడి తెలుగువాళ్ళు అడిగారు. రాస్తాను. కానీ నా కోపం ఇంకా తగ్గలేదు, అదీ వీటితో కలిసే వస్తుంది. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

బాబాయిది కాకినాడ. ఇరవై ఏళ్ళకే ఓడ ఎక్కి, గ్రీకు యజమానుల ఓడల్లో ఇంజను గదిలో పదిహేనేళ్ళు పనిచేశారు. ఒకసారి ఓడ చెడిపోయి గ్రీస్‌లో ఒక రేవులో ఐదు నెలలు ఆగిపోయింది. భాష రాదు, తెలిసిన మొహం లేదు. ఆ రేవులో వెల్డింగ్ పని చేసేవాళ్ళు ఒక ఆదివారం ఆయన్ని ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లాక్కెళ్ళారు. "ఎవరు మనవాళ్ళో వేలు పెట్టి చూపించారమ్మా. అంతే. అప్పట్నుంచీ వాళ్ళే మనవాళ్ళు" అని చెప్పేవారు. తర్వాత హాలిఫాక్స్‌లో ఓడ దిగి, ఇక్కడి రిపేర్ యార్డులో చేరి, రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు.

ఆ క్లబ్బు పేరు నేనిక్కడ రాయను. ఆయన నోట కూడా ఎప్పుడూ వినలేదు. "గురువారం మనవాళ్ళు వస్తున్నారు" అనేవారు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో ఆ మాట విని, ఊరి నుంచి చుట్టాలెవరో వస్తున్నారనుకుని ఆరుగురికి సరిపడా పులిహోర కలిపాను. గ్రీస్‌కీ ఇక్కడికీ ఆరు గంటల తేడా. అక్కడ రాత్రి ఆడే ఆట ఇక్కడ మధ్యాహ్నం వస్తుంది. ఆదివారం వాళ్ళ దేశపు లీగ్, గురువారం వేరే దేశాల క్లబ్బులతో ఆడే యూరప్ కప్పు. బాబాయి అన్నం తిని, లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి, సోఫా వదిలేసి డైనింగ్ కుర్చీ లాక్కుని కూర్చునేవారు. సోఫాలో కూర్చుంటే లేవడం ఆలస్యమవుతుందట.

లేచేది రిఫరీని తిట్టడానికి. మామూలుగా ఆయన గొంతు పక్కగదిలోకి కూడా వినపడదు. బస్సు డ్రైవరుకి థాంక్యూ సర్ అని చెప్పి దిగే మనిషి. ఆటలో విజిల్ మోగిందంటే మాత్రం కాకినాడ రేవు మొత్తం మా హాల్లోకి వచ్చేసేది. "వీడి మొహం మండా, అది ఫౌలా? కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావురా?" ఆపైన నాకు తెలియని గ్రీకు మాటలు.

"మెల్లగా బాబాయ్, పక్కవాళ్ళు కంప్లైంట్ చేస్తారు" అనేదాన్ని.

"వాడికి వినపడదుగా అమ్మా, అందుకే తిడుతున్నాను. వినపడేవాళ్ళని తిట్టకూడదు."

మా వీధి చివర పిజ్జా షాపు నడిపే గ్రీకు పెద్దాయన ఆయనకున్న ఒకే ఒక్క స్నేహితుడు. ఆ పెద్దాయన అభిమానించేది మనవాళ్ళకి బద్ధశత్రువైన క్లబ్బుని. మనవాళ్ళు ఓడిన మర్నాడు బాబాయి ఆ వీధిలోంచి నడిచేవారు కాదు. చుట్టూ తిరిగి వెళ్ళేవారు, మంచు పడుతున్నా సరే.

ఈ సీజన్ జూలైలో మొదలైంది. యూరప్ కప్పులోకి రావాలంటే ముందు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలవాలి. మొదటి మ్యాచ్ రోజునే బాబాయి కంచంలో సగం అన్నం వదిలేశారు. "ముద్ద దిగట్లేదమ్మా" అన్నారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఆయన డాక్టరు రిటైరై మూడేళ్ళయింది. కొత్త ఫ్యామిలీ డాక్టరు కోసం ప్రభుత్వం లిస్టులో పేరుంది, వంతు రాలేదు. అందుకని అపాయింట్‌మెంట్ లేకుండా ఎవరినైనా చూసే వాకిన్ క్లినిక్‌కి వెళ్ళాం. గ్యాస్ అన్నారు, మాత్రలు ఇచ్చారు. ఆగస్టులో మళ్ళీ వెళ్ళాం. ఈసారి వేరే డాక్టరు. గొంతులోంచి ట్యూబ్ వేసి చూసే పరీక్షకి హాస్పిటల్‌కి రెఫరల్ పంపుతున్నామని, వాళ్ళే ఫోన్ చేస్తారని చెప్పాడు. ఆ వారమే మనవాళ్ళు ఆఖరి క్వాలిఫయింగ్ గెలిచి యూరప్ కప్పులోకి వచ్చారు. బాబాయి ఆ సాయంత్రం ఐస్‌క్రీమ్ తిన్నారు. అది దిగింది.

సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. లీగ్‌లో మనవాళ్ళు పైనుంచి రెండోవాళ్ళు. యూరప్‌లో మొదటి ఆట ఓడి, తర్వాత వరసగా గెలుస్తున్నారు. హాస్పిటల్ నుంచి ఫోన్ రాలేదు. నేను క్లినిక్‌కి ఫోన్ చేస్తే "క్యూలో ఉన్నారు, వెయిట్ చేయండి" అన్నారు. మూడుసార్లు అదే మాట. బాబాయి అన్నం మానేసి జావలోకి వచ్చారు. బెల్టుకి కొత్త చిల్లు పొడిచారు. నేను మాట ఎత్తితే "ఆట తొంభై నిమిషాలూ కాకుండా ఫలితం అడగకూడదమ్మా" అనేవారు. ఆ మాటకి అప్పుడు నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కూడా కోపం వస్తుంది.

జనవరిలో లీవ్ పెట్టి, బాబాయిని కారులో ఎక్కించుకుని నేనే హాస్పిటల్‌కి వెళ్ళాను. అపాయింట్‌మెంట్లు ఇచ్చే డెస్కులో ఆమె రెండుసార్లు వెతికి, ఆ పేరుతో మాకు రెఫరలే రాలేదంది. అటునుంచి అటే క్లినిక్‌కి వెళ్ళాను. రిసెప్షన్‌లో అమ్మాయి ఫైలు తీసింది. ఆగస్టులో రెఫరల్ పంపిన ఫ్యాక్స్ తప్పు నంబరుకి వెళ్ళింది. ఫెయిల్డ్ అని ప్రింటయిన కాగితం ఆ ఫైల్లోనే ఉంది. ఐదు నెలలుగా ఎవరూ చూడలేదు. క్యూలో ఉన్నారని నాకు చెప్పిన మూడుసార్లూ ఎవరూ ఆ ఫైలు తెరవలేదు.

"ఓ, ఐ యామ్ సో సారీ. ఇప్పుడే మళ్ళీ పంపిస్తాను" అంది ఆ అమ్మాయి.

ఇప్పటికీ నన్ను తినేస్తున్న సంగతి ఏమిటంటే, నేను ఆమెతో "నో ప్రాబ్లమ్, థాంక్యూ" అని చెప్పి బయటికి వచ్చాను. నవ్వాను కూడా.

బాబాయి కారులో కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను.

"పోనీలే, ఇప్పుడు పంపారుగా" అన్నారు.

"పోనీలే ఏంటి బాబాయ్? ఐదు నెలలు."

"ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? రోజుకి ఎంతమంది వస్తారో."

"ఎంతమంది వస్తే నాకెందుకు? నువ్వు జావ కూడా తాగలేకపోతున్నావు."

ఆయన సీటు బెల్టు లాగి పెట్టుకున్నారు. తర్వాత అన్నారు. "ఈ దేశంలో దిగిన రోజు నుంచీ చూశానమ్మా. మన కాగితాలన్నీ వాళ్ళ దగ్గరుంటాయి. గొంతు లేపితే మన కాగితం అడుక్కి వెళ్ళిపోతుంది."

"నీ కాగితం అసలక్కడ లేనేలేదు బాబాయ్" అన్నాను.

ఆయన చేత్తో ముందుకు చూపించారు, కారు పోనివ్వమని.

పరీక్ష ఫిబ్రవరిలో అయింది. అన్నవాహికలో క్యాన్సర్. కాలేయానికి పాకింది. సర్జన్ స్క్రీన్ మీద చూపిస్తూ "కాస్త ముందే వచ్చి ఉండాల్సింది" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే బాబాయి నా మణికట్టు పట్టుకున్నారు. గట్టిగా పట్టుకున్నారు. ఇంజను గదిలో పనిచేసిన చేయి అది. నేను మాట్లాడలేదు. మాట్లాడాల్సింది.

మార్చి మొదటికి ఆయన్ని హాస్పిటల్ వార్డులో చేర్చారు. పొట్టలోకి ట్యూబ్ పెట్టారు. గొంతు పోయింది, గాలి తప్ప మాట వచ్చేది కాదు. నోట్‌బుక్‌లో రాసి చూపించేవారు. మనవాళ్ళు యూరప్ కప్పులో నాకౌట్‌కి వచ్చారు. సొంత ఊళ్ళో ఒకటి, అవతలివాళ్ళ ఊళ్ళో ఒకటి, రెండు ఆటలు కలిపి ఎవరు ముందుంటే వాళ్ళు నిలుస్తారు. రెండో ఆట ఉన్న గురువారం నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, భోజనం ట్రే మీద ట్యాబ్లెట్ నిలబెట్టాను. పిజ్జా షాపు పెద్దాయన ఏప్రన్‌తోనే వచ్చేశాడు. "వీళ్ళు ఓడుతుంటే కళ్ళారా చూద్దామని" అన్నాడు ఇంగ్లీషులో. బాబాయి పక్కన కుర్చీలో కూర్చుని ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దాడు.

స్కోరు సమంగా ఉంది. ఇంకో ఐదు నిమిషాలే ఉన్నాయి. బంతి మా డిఫెండరు భుజానికి తగిలింది. చేతికి తగిలిందని రిఫరీ అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చాడు. బాబాయి పక్క మీంచి లేచి కూర్చున్నారు. నోరు తెరిచారు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది. శబ్దం రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. ఏమీ రాలేదు.

అప్పుడు నేను లేచాను. "వీడి మొహం మండా, భుజానికీ చేతికీ తేడా తెలియదా? కళ్ళెక్కడ పెట్టొచ్చావురా వెధవా?" ఏడేళ్ళుగా విన్నవన్నీ వచ్చేశాయి. అక్కడితో ఆగలేదు. ఫ్యాక్స్ నంబరు సరిగ్గా కొట్టడం చేతకానివాళ్ళంతా విజిళ్ళు పట్టుకుంటారని, ఫైలు తెరిచి చూడ్డానికి చేతులు పడిపోయాయా అని ఆ రిఫరీనే అడిగాను. పక్కన పెద్దాయన కూడా లేచి నిలబడి గ్రీకులో మొదలుపెట్టాడు. జన్మంతా ఏ క్లబ్బుని అసహ్యించుకున్నాడో ఆ క్లబ్బు తరఫున. నర్సు పరుగెత్తుకొచ్చింది. బాబాయి భుజాలు ఊగుతుంటే నొప్పేమో అనుకుంది. ఆయన నవ్వుతున్నారు.

పెనాల్టీ గోల్ అయింది. మనవాళ్ళు యూరప్ నుంచి బయటికొచ్చేశారు. పెద్దాయన వెళ్ళాక బాబాయి నోట్‌బుక్ తీసి, చాలాసేపు రాసి, నా వైపు తిప్పారు. "క్లినిక్‌లో కూడా ఇలాగే అడుగు."

నేను కంప్లైంట్ రాశాను. మీకు కలిగిన అనుభవానికి చింతిస్తున్నామని రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ రాశాను. ఏప్రిల్‌లో క్లినిక్ మేనేజరు మీటింగుకి పిలిచింది. నేను వాళ్ళ దగ్గరే అడిగి తీసుకున్న ఆ ఫెయిల్డ్ కాగితం కాపీ బల్ల మీద పెట్టి అరగంట మాట్లాడాను. గొంతు తగ్గించమని ఆమె ఒకసారి అంది. తగ్గించలేదు. "మూడుసార్లు క్యూ అన్నారు. ఏ క్యూ? ఎక్కడుంది ఆ క్యూ? ఎవరు నిలబడ్డారు అందులో?" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. తప్పు మాదేనని ఒప్పుకుంది, రాసి ఇచ్చింది. ఇకమీదట ఫ్యాక్స్ వెళ్ళకపోతే ఆ రోజే పేషెంటుకి ఫోన్ చేస్తారట. మంచిదే. ఎవరికో పనికొస్తుంది. థాంక్యూ చెప్పకుండా లేచి వచ్చాను. ఈ దేశం వచ్చాక అలా రావడం అదే మొదటిసారి.

సాయంత్రం వార్డులో అదంతా బాబాయికి మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆయన దిండు మీంచి ముందుకు వంగి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నారు. పెన్ను కింద పెట్టేసిన చోట వేలు తిప్పి సైగ చేశారు, మళ్ళీ చెప్పమని. మళ్ళీ చెప్పాను.

ఆ తర్వాత ఎక్కువగా నిద్రలోనే ఉన్నారు. మే నెలలో లీగ్‌ని మనవాళ్ళు రెండో స్థానంతో ముగించారు. ఆ సంగతి చెవిలో చెప్పాను, విన్నారో లేదో తెలియదు. ఇక మిగిలింది లీగ్ కాకుండా వేరేగా ఆడే వాళ్ళ దేశపు కప్పు ఫైనలొక్కటే. అది శనివారం. బాబాయి బుధవారం పోయారు. శుక్రవారం దహనమైంది. తెలుగువాళ్ళు పాతికమంది వచ్చారు, యార్డు నుంచి ముగ్గురు వచ్చారు, పిజ్జా షాపు పెద్దాయన వచ్చాడు. ఒకరిద్దరు నాతో, బాధలేకుండా పోయారు అదృష్టం అన్నారు. నేను వాళ్ళకి మంచినీళ్ళ సీసా అందించాను. జవాబు చెప్తే ఇంకోలా ఉండేది.

శనివారం మధ్యాహ్నం పెద్దాయన ఫోన్ చేసి రమ్మన్నాడు. షాపులో గిరాకీ లేదు. ఓవెన్ ఆపేసి ఉంది. ఫైనల్ పెట్టాడు. ఇద్దరం చూశాం. ఎవరి మోకాలికో తగిలి బంతి గోల్లోకి దొర్లింది. మనవాళ్ళు గెలిచారు. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. మూడు రోజులు, కేవలం మూడు రోజులు అనుకుంటూ పిడికిళ్ళు బిగించి కూర్చున్నాను.

ఆటగాళ్ళు కప్పు ఎత్తుకుని తిరిగారు, ఫోటోలు దిగారు, లోపలికి వెళ్ళిపోయారు. పెద్దాయన సౌండ్ తీసేశాడు గానీ టీవీ కట్టేయలేదు. స్టాండ్లు ఖాళీ అయ్యాయి. నారింజ రంగు కోటు వేసుకున్న పనివాడొకడు గోల్‌పోస్టు దగ్గర చిన్న నిచ్చెన వేసుకుని, వల కొక్కేలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. ఒక వైపు జారింది. అతను దిగి, నిచ్చెన జరిపి, మళ్ళీ ఎక్కాడు. మేమిద్దరం వల మొత్తం నేల మీద పడేదాకా చూస్తూ కూర్చున్నాం.