మందు మీద ఎర్రమట్టి

మా చిన్నప్పుడు... యాభైల్లో సంగతి... కమలాపురం దగ్గర మా పల్లెలో వానలు తగ్గగానే ఇంటింటా చలిజ్వరం. మా చెల్లెలు రెండు బొంతలు కప్పినా గడగడ వణికేది.

ఒక ఏడు సర్కారు మనుషులొచ్చి, వాలిన దోమలు చావాలని గోడలకు డీడీటీ కొట్టిపోయారు. తెల్ల చారలు... ఒకటే వాసన. ఆ వెంటనే పీర్ల పండగ. దాదాపు ఆడవాళ్లంతా ఎర్రమట్టి పిసికి గోడలు అలికేశారు. మా జేజి, అంటే నాయనమ్మ, అందరికన్నా ముందు.

జ్వరాలు మళ్లీ వచ్చాయి. చెల్లెలు చచ్చి బతికింది. మందు వట్టిదని ఊరు తేల్చేసింది. జేజి కూడా అంతే అంది. కానీ పక్కింటి మాబమ్మ పిల్లలు గెంతుతుంటే చూసి, ఆమెకేదో తోచింది... ఇల్లిల్లూ తిరిగి అడిగింది.

మరుసటేడు మందువాళ్లను ఊరి బయటే ఆపారు. ఊరి పెద్ద సుబ్బన్న, "కొట్టిచ్చుకున్నా జ్వరమొచ్చె. మాకొద్దు, పోండప్పా," అన్నాడు.

జేజి ముందుకొచ్చింది. "సుబ్బన్నా, జ్వరం రాని ఇల్లు యాదో అడిగినావా?"

"రానోళ్లనడిగేదేంది అత్తా?"

"అదే నీ తెలివి! మాబమ్మ ఇంట్లో ఆరుమంది. ఒక్కరికీ రాలే. ఆయమ్మ చెయ్యి విరిగి గోడలు అలకలే. బాలింత ఉందని ఏసన్న వాళ్లూ అలకలే. వాళ్లకూ రాలే. వచ్చిందంతా శానామటుకు అలికినిండ్లలోనే."

"మాబమ్మ పీర్లకు మొక్కింది లే," అన్నారెవరో.

"నేను మొక్కలేదా? పీర్ల కాడ చక్కెర పెట్టి చదివిచ్చలేదా?"

అందరూ నవ్వారు. జేజి నవ్వలేదు.

"మందు మీద మట్టి పూసింది నేనే. తప్పు నాది, మందుది కాదు. ఈసారి కొట్టనీండి, అలకకుండా సూస్తాం. అప్పుడూ వస్తే వీళ్లను నేనే తరుముతా."

సుబ్బన్న పక్కకు జరిగి మందువాళ్లకు దారిచ్చాడు.

ఆ ఏడు పండగకు కూడా గోడలు చారలతోనే ఉన్నాయి. చెల్లెలికి జ్వరం రాలేదు.

జేజికి అక్షరం ముక్క రాదు. నేను బడికి పోయినవాణ్ణి... అయినా ఫోన్లో వచ్చిన మాటను వచ్చినట్టే నలుగురికీ పంపేస్తాను. అడిగి చూడాలని తోచదు. ఇక పదిమందిలో "తప్పు నాది" అనే మాట... ఈ మధ్య ఎవరి నోటా విన్నట్టు లేదు.

మీ ఇళ్లల్లో అట్లా అన్న పెద్దలెవరైనా ఉంటే రాయండి. చదువుకుంటాను.