డాఫ్నీ ఆంటీ అల్లిన టోపీ

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, ట్రాయ్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్ముతుంటే చూడ్డానికి వెళ్ళాం. బల్ల మీద ఎర్ర ఊలు టోపీ ఒకటి కనిపించింది. రెండు పక్కలా చీలికలు, నెత్తిన కుచ్చు.

"చిన్నప్పుడు నాకూ ఇలాంటి టోపీ ఉండేది" అని మా అమ్మాయికి చూపించాను.

"నాన్నా, అది క్యాప్ కాదు. టీపాట్‌కి వేస్తారు, టీ హాట్‌గా ఉండడానికి" అంది.

కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి ఆంగ్లో ఇండియన్ల ఇళ్ళ నుంచి వచ్చే కేకు వాసన. మా పక్కింటి డాఫ్నీ ఆంటీ ఒక్కతే ఉండేది. వరండాలో కూర్చుని ఎప్పుడూ ఏదో అల్లుతుండేది. ఒకరోజు ఆ ఎర్ర ఊలుది తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టింది.

"నీ కోసమే చేసిన. ఒకరోజు మీ ఇంట్ల కూర్చొని టీ తాగుదం" అంది.

మా ఇంట్లో టీ గిన్నెలో కాగి నేరుగా గ్లాసుల్లోకి వచ్చేది. అమ్మ దాన్ని నా తలకి తొడిగింది. చీలికల్లోంచి నా చెవులు రెండూ బయటికొచ్చాయి.

మర్నాడు ఆంటీ నన్ను చూసి ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత దగ్గరకొచ్చి కుచ్చు సరిచేసింది.

"చెవులకి చలి పెడతలేదా బాబూ?"

ఆ చలికాలమంతా అది పెట్టుకుని ఆమె వరండా ముందే ఆడుకున్నాను. మాంసం తింటుందని అమ్మ ఆమెను గడప దాటనివ్వలేదు. టీకి ఒక్కసారి కూడా పిలవలేదు.