తీగ లేకుండా దాటిన అవ్వ పాటలు

మా అవ్వ పాడిన నాట్ల పాటలన్నీ నా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లోనే ఉండేవి. మేడ్చల్‌లో మా ఇంటి అరుగు మీద మైకు పెట్టి పాడించుకున్నవి. ఆ ఏడు చలికాలంలోనే అవ్వ పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

సీడీలు రాయిద్దాం అనుకుంటూ ఉండగానే ల్యాప్‌టాప్ మంచం పట్టింది. పెన్ డ్రైవ్ పెట్టే సందులు పనిచేయవు, సీడీ ట్రే తెరుచుకోదు, ప్లగ్గు కదిలితే ఆగిపోతుంది. లోపల హార్డ్ డిస్కు కరకరమంటోంది. బస్ డిపో దగ్గరి రిపేరు షాపతను, "విప్పి సూస్త గానీ గ్యారంటీ ఇయ్యలేనక్కా" అన్నాడు. ఆ మాట వింటూనే ఒళ్ళు మండి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

మా పై వాటాలో ఒక లెక్కల సారు అద్దెకుండేవారు. సంగతి విని తన కొత్త ల్యాప్‌టాప్ పట్టుకుని దిగివచ్చారు.

"రెండిట్లనూ వైఫై ఉన్నది గద. తీగ లేకుండనే పంపుదం."

"మా ఇంట్ల ఇంటర్నెట్ లేదు సార్."

"ఇంటర్నెట్ ఎందుకమ్మా? గివి రెండూ ఒకదాన్నొకటి గుర్తువడితే సాలు."

నాది గోడ ప్లగ్గు దగ్గర నుంచి కదలదు కాబట్టి, తనది ఎదురుగా మంచం మీద పెట్టారు. అందులో చిన్న నెట్‌వర్కు తయారుచేసి, నా దాన్ని కలిపారు. కాపీ మొదలైంది.

అప్పుడు మా అమ్మ రంగంలోకి దిగింది. ఒకసారి మా చిన్నమామ రెండు ఫోన్లను ఎదురెదురుగా పెట్టి ఇన్‌ఫ్రారెడ్‌తో ఫోటో పంపుతుంటే, అమ్మ మధ్యలో అన్నం గిన్నె పెట్టి చీవాట్లు తిన్నది. ఆ పాఠం ఆమె మరిచిపోలేదు. పొలం నుంచి వచ్చిన నాయినను గుమ్మంలోనే ఆపేసింది.

"నా ఇంట్ల నేను నడవద్దా?"

"నడుమలకెల్లి పోతే పాట తెగుతది. దొడ్డి తొవ్వల రా!"

వైఫైకి మనుషులు అడ్డం కారని సారుకు తెలుసు, నాకూ తెలుసు. సారు నవ్వు ఆపుకుని, "అమ్మ జెప్పింది నిజమే పటేలా, జర అటు దిక్కుకెల్లి రాన్రి" అన్నారు. నాయిన గొణుక్కుంటూ ఇల్లు చుట్టి, బురద కాళ్ళతో వంటింట్లోంచి వచ్చాడు. అమ్మ పరువు నిలిపినందుకే ఆ సారుకు దండం పెట్టాలనిపించింది.

సగంలో నా మిషను వేడెక్కి ఆగిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మ విసనకర్ర తెచ్చి దానికి విసరడం మొదలుపెట్టింది. సారు విసుక్కోకుండా మళ్ళీ కలిపి, ఈసారి ఒక్కో పాటనూ విడిగా పంపారు. మధ్యాహ్నం వంట కూడా మానుకుని అన్నీ దాటేదాకా కూర్చున్నారు. సొంతవాళ్ళైనా అంత ఓపిక పట్టరు. ఇప్పటికీ తలుచుకుంటే ఆయన మీద నాకు కృతజ్ఞత పొంగుకొస్తుంది.

"సక్కగ వచ్చినయో లేదో ఇనమ్మా," అంటూ తన ల్యాప్‌టాప్‌లో ఒక పాట పెట్టారు. అవ్వ రెండు చరణాలు పాడి, ఉన్నట్టుండి పాట ఆపి గట్టిగా పిలిచింది.

"ఏమే కోడలా, పిల్లకు సల్ల పోసినవా?"

అమ్మ చప్పున లేచింది. "పోస్తున్న అత్తమ్మా," అంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.